రాయి వదిలిన నాచు

మా కాక మిర్చి తోటకు కొట్టే మందుల్లో నల్లటి చిక్కటి సీసా ఒకటుంది. మూత తీస్తే చేపల మార్కెట్ వాసన. షాపులో ‘నాచు మందు’ అంటారు. మొన్న ట్యాంకులో పోస్తూ, “ఇండ్ల ఏమున్నదో చదువురా” అన్నాడు. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంది: ఆస్కోఫిల్లమ్ నోడోసమ్.

ఉత్తర అట్లాంటిక్ తీరాల్లో రాళ్లకు అతుక్కుని పెరిగే గోధుమరంగు నాచు ఇది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ దీన్ని ఫ్యూకస్ నోడోసస్ అన్నాడు. ఇప్పటి పేరు 1863లో వచ్చింది. తోలు పట్టీల్లాంటి కొమ్మలు, మధ్యమధ్య గాలి బుడిపెలు. పోటు వచ్చినప్పుడు ఆ బుడిపెలే దాన్ని వెలుతురు వైపు లేపుతాయి. దాదాపు ఏడాదికొకటి వస్తుంది కాబట్టి వాటిని లెక్కపెట్టి వయసు అంచనా వేస్తారు.

స్కాట్లాండ్‌లో సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయలున్నాయి. అలల జోరు తక్కువ. రాయి నుంచి తెగిన ముక్కలు కొన్ని అక్కడ, వాగు నీళ్లు వచ్చి కలిసేచోట పడి బతికేస్తాయి. పట్టుకోవడానికి రాయి లేదు. ప్రతి కొమ్మా రెండుగా, మళ్లీ రెండుగా చీలుతూ చివరికి గుబురు బంతి అవుతుంది. బుడిపెలు దాదాపు ఉండవు. పాత నాచుకు చుట్టమంటే నమ్మలేం. అందుకే ఒకప్పుడు దీన్ని వేరే జాతి అనుకుని ఫ్యూకస్ మకాయి అన్నారు. (మక్కలకు సంబంధం లేదు; మాకే అనే వృక్షశాస్త్రవేత్త పేరది.)

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో చపాట, తేజ అనే మిర్చి రకాల రాశులు చూడండి. ఒకటి టమాటాలా దొడ్డుగా, కారం తక్కువ. ఇంకోటి సన్నగా, ఘాటుగా. జాతి ఒక్కటే, తేడా విత్తనంలో ఉంది. చపాట గింజను హనుమకొండలో డాబా మీద కుండీలో పెట్టినా తేజ కాయదు. నాచు బంతి అలా కాదు. దాని తేడా పడ్డ చోటులో ఉంది. ఇలాంటి రూపాన్ని ‘ఈకాడ్’ అంటారు. జాతీ కాదు, మన రైతులు చెప్పే ‘రకం’ కూడా కాదు.

ఇదంతా చెబితే కాక, “మరి దానికి పిల్లలెట్లయితయి?” అని అసలు పాయింటు పట్టుకున్నాడు. గింజ లాంటిది చాలా అరుదు. ఎక్కువగా ముక్కలై పెరగడమే, లేదా రాళ్ల మీది నాచు నుంచి కొత్త ముక్కలు తెగి రావడం. విచిత్రమేమిటంటే, జాతి కాదని తేలినా బ్రిటన్‌లో దీన్ని కాపాడాల్సిన వాటిలో చేర్చారు. ఆటు సమయంలో ఆ బంతుల కింద తడి ఆరదు, పీతలూ నత్తలూ అక్కడే తలదాచుకుంటాయి.

“మన సీసాల ఉన్నది బంతిదా?”

“కాదు కాకా, రాళ్ల మీద కోసిందే.”

“సరే తియ్,” అని పంపు భుజానికెత్తుకున్నాడు.