నాటక సమాజంలో కుర్చీ తగవు: కార్యవర్గం ఎన్నిక వెనుక నూట నలభై ఏళ్ల కథ

నాటక సమాజం ఉన్న ప్రతి ఊళ్లోనూ ఏడాదికోసారి ఒక చిన్న తంతు జరుగుతుంది. ఆదివారం సాయంత్రం, రిహార్సల్‌కు ముందో తరువాతో, సభ్యులు జంపఖానా పరిచి గుండ్రంగా కూర్చుంటారు. కోశాధికారి జమాఖర్చులు చదువుతారు. లైటింగుకు, మేకప్‌కు, లారీ కిరాయికి అయిన ఖర్చు దగ్గర ఒకరిద్దరు గొణుగుతారు. ఆపై ఎవరో ఒకరు "పాతవారినే కొనసాగిద్దాం" అంటారు, మరొకరు బలపరుస్తారు, చప్పట్లు మోగుతాయి, మినిట్స్ పుస్తకంలో "కార్యవర్గము ఏకగ్రీవముగా ఎన్నికైనది" అన్న వాక్యం నిరుటి పేజీ చూసి రాసినట్టుగా వచ్చి చేరుతుంది. మొత్తం పది నిమిషాల పని. అయితే ఆ పది నిమిషాల్లో నోరు విప్పనివారు నెల తిరగకముందే, కొత్త నాటకానికి వేషాలు పంచేటప్పుడు, గట్టిగానే మాట్లాడతారు. సమాజాలు చీలిపోయేది సాధారణంగా అక్కడే. ఎన్నిక రోజున రాని తగవు వేషాల రోజున ఎందుకు వస్తుందో తెలియాలంటే, మన ఔత్సాహిక నాటకరంగంలో కార్యవర్గమనే ఏర్పాటు ఎలా వచ్చిందో, ఏ అవసరం కోసం వచ్చిందో చూడాలి.

ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు మొదటి అడుగుగా చెప్పుకొనే సందర్భంలో కార్యవర్గం ప్రసక్తే లేదు. 1880లో ధార్వాడ నాటక సమాజం వారు రాజమహేంద్రవరంలో ప్రదర్శనలిచ్చి వెళ్లిన తరువాత, వారు వేసుకున్న పాకలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత నాటకాలు ఆడించారు. నాటకం రాసింది పంతులుగారే. పాత్రలు పంచింది, దిద్దింది, ఆడించింది కూడా ఆయనే. గురువు చెప్పాక శిష్యులకు వేరే ఓటు ఉండదు. విజయనగరంలో పరిస్థితి మరో రకం. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో జగన్నాథ విలాసినీ సభ వారి ప్రదర్శనగా రంగమెక్కినప్పుడు ఆ సంస్థ వెనుక ఉన్నది ఆనందగజపతి మహారాజు ఆదరణ. ఖర్చు సంస్థానానిదైనప్పుడు పెత్తనం ఎవరిదన్న ప్రశ్న పుట్టదు. తెలుగు సమాజాలకు సంక్రమించిన రెండు అలవాట్లు, అంటే రాసి ఆడించేవారి మాట తుది మాటగా చెల్లడం, డబ్బు పెట్టేవారికి పెద్ద కుర్చీ వేయడం, ఈ రెండు చోట్లా కనిపిస్తాయి.

సభ్యులు చందా వేసుకొని, నియమాలు రాసుకొని, తమలోనుంచి పెద్దలను ఎంచుకొనే పద్ధతి బలపడిన చోటు బళ్లారి. అది యాదృచ్ఛికమేమీ కాదు. 1886లో అక్కడ సరసవినోదినీ సభను నెలకొల్పిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు న్యాయవాది. ఆయనకు పోటీగా నిలిచిన సుమనోరమ సభ వెనుక ఉన్న కోలాచలం శ్రీనివాసరావు కూడా న్యాయవాద వృత్తిలో ఉన్నవారే. పగలు కోర్టులో, సాయంత్రం క్లబ్బులో, రాత్రి రంగస్థలం మీద కనిపించే ఈ వర్గానికి తీర్మానం, ప్రతిపాదన, సవరణ, కోరం అన్నవి అలవాటైన మాటలు. నాటకం ఆడి డబ్బు తీసుకోకపోవడం వారికి గౌరవ చిహ్నం. జీతం లేని పనికి ఫలంగా మిగిలేవి రెండే: వేషం, పదవి. ఒకే ఊళ్లో రెండు సభలు వెలిసి పోటీపడ్డాయంటే, ఒక సభలో ఆ రెండూ అందరికీ సరిపోయేటన్ని ఉండవని అప్పటికే తేలిపోయిందని నా అభిప్రాయం.

బళ్లారి నమూనా అక్కడే ఆగిపోలేదు. 1891లో ఆచార్యులవారి బృందం మద్రాసులో ప్రదర్శనలివ్వగా చూసినవారిలో పమ్మల్ సంబంధ మొదలియార్ అనే యువకుడు ఒకరు. నాటకాలాడేవారు మర్యాదస్థులు కారన్న అభిప్రాయంతో పెరిగిన ఆయనకు, వేదిక మీద ఉన్నది వకీళ్లు, ఉద్యోగస్థులు అని తెలిశాక ఆ అభిప్రాయం పోయింది. ఆ ఏడే మిత్రులతో కలిసి సుగుణవిలాస సభను స్థాపించారు. తరువాతి కాలంలో సత్యమూర్తి వంటి రాజకీయ నాయకులు అందులో వేషాలు వేశారు, బళ్లారి రాఘవ ఆ వేదిక మీద నటించారు, తమిళంతో పాటు తెలుగు నాటకాలూ ఆడారు. ఒక తెలుగు సమాజాన్ని చూసి తమిళ దేశంలో సభల సంప్రదాయం ఊపందుకోవడం మనం అంతగా చెప్పుకోని సంగతి. చందాదార్లయిన సభ్యులు, ఎన్నికైన పదవులు, నటనకు ప్రతిఫలం పుచ్చుకోకూడదన్న పట్టుదల అనే ఈ మూడూ కలిసిన అచ్చు దక్షిణాదిన చాలా సమాజాలకు మాదిరి అయింది.

ఈ అచ్చుకు చట్టపు చట్రం అప్పటికే సిద్ధంగా ఉంది. 1860 నాటి 21వ చట్టం, అంటే సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, సాహిత్యం, శాస్త్రం, లలిత కళలు, ధర్మకార్యాల కోసం కనీసం ఏడుగురు కలిసి సంఘంగా నమోదు కావచ్చునని చెప్పింది. నాటకం లలిత కళల పద్దు కింద సులువుగా ఇమిడింది. సంఘం వ్యవహారాలు చూసేవారి జాబితాను ఏటా రిజిస్ట్రారుకు పంపాలని, మూడు నెలలకు మించి చందా బాకీపడ్డ సభ్యునికి ఓటు ఉండదని, సంఘం ఆశయాలు మార్చాలంటే అయిదింట మూడు వంతుల సభ్యుల మద్దతు కావాలని, ఆ నిర్ణయాన్ని నెల తరువాత మరో సమావేశంలో మళ్లీ ఖాయం చేయాలని చట్టం నిర్దేశించింది. ఇంత వివరంగా చెప్పిన చట్టం ఒక్క విషయాన్ని మాత్రం సంఘానికే వదిలేసింది: ఆ పాలకవర్గాన్ని ఎలా ఎంచుకోవాలన్నది. నియమావళి ఎవరి చేతిలో పెడితే వారే పాలకవర్గమన్నది దాని నిర్వచనం. రహస్య ఓటా, చేతులెత్తడమా, ఎంతకాలం పదవి, ఒకరు ఎన్నిసార్లు ఉండవచ్చు అన్నవాటికి జవాబు నియమావళిలో వెతుక్కోవలసిందే. చాలా సమాజాల నియమావళి మరో సమాజపు నియమావళికి నకలు కావడంతో అక్కడా జవాబు దొరకదు. ఆ ఖాళీని పూడ్చినది ఆచారం. ఆ ఆచారం పేరే ఏకగ్రీవం.

చందా నిబంధన దగ్గర కాస్త ఆగాలి. కాగితం మీద అమాయకంగా కనిపించే ఈ ఒక్క వాక్యం ఎన్నో ఎన్నికలను తారుమారు చేసింది. నేను సభ్యుడిగా ఉన్న ఒక చిన్న సమాజంలో ఒక ఏడు సర్వసభ్య సమావేశం నాటి ఉదయం రశీదు పుస్తకం ఒకటి హఠాత్తుగా కనిపించకుండా పోయింది. చందా కట్టడానికి వచ్చినవారికి "పుస్తకం దొరికాక రాసిస్తాం" అన్నారు. సాయంత్రం ఓటర్ల జాబితా చదివేటప్పుడు రశీదు లేనివారి పేర్లు చదవలేదు. మరునాడు పుస్తకం హార్మోనియం పెట్టె కింద దొరికింది. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు, ఎందుకంటే అందరికీ తెలుసు.

ఇదే కాలంలో పక్కనే మరో దారి నడుస్తోంది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచకవధ'తో మొదలైన వనారస వారి నాటక పరంపరలో సమాజమంటే కుటుంబమే. పెద్దవారి మాట మీద పని నడుస్తుంది, పిల్లలు నడక నేర్చేనాటికే రంగస్థలం ఎక్కుతారు, స్త్రీ పాత్రలు స్త్రీలే వేస్తారు. అక్కడ కార్యవర్గం ఎన్నిక అనవసరం. కుటుంబం పెరిగినకొద్దీ కొత్త బృందాలు వేరుపడ్డాయి; పట్టణ సమాజాల చీలికల్లో కనిపించే చేదుతో పోలిస్తే అది అన్నదమ్ములు వేరు కాపురాలు పెట్టుకోవడం వంటిది. ఔత్సాహికులకు ఆ వెసులుబాటు లేదు. వారికి బతుకుతెరువు వేరేచోట ఉంది, నాటకం మీద ఉన్నది మోజు. మోజు ఉన్నచోట పంపకాలు తేలిగ్గా తెగవు.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో సమాజాల బలం నటుల పేరు ప్రతిష్ఠల మీదికి మళ్లింది. తెనాలి రామవిలాస సభలో స్థానం నరసింహారావు వంటి నటుడు సత్యభామగా రంగం మీదికి వస్తే జనం వచ్చేది ఆయన కోసమే. కార్యదర్శి పేరు కరపత్రం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. మైలవరం వంటి చోట జమీందారీ ప్రాపకంలో జీతాలిచ్చి నటులను పోషించిన సమాజాలూ నడిచాయి. తరువాత వచ్చిన కంట్రాక్టు నాటకాల కాలం ఈ తూకాన్ని పూర్తిగా చెడగొట్టింది. ఒక కంట్రాక్టరు ఒక్కో సమాజం నుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి తీసుకొని ఒకే రాత్రికి కూర్చి, పద్యాల పోటీ పెట్టి టిక్కెట్లు అమ్మేవాడు. ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఒకే నాటకంలో అంకానికొకరుగా రావడం అప్పటి ప్రేక్షకులకు వింత కాదు. నటుడికి డబ్బు, కంట్రాక్టరుకు లాభం వచ్చాయి గాని, నెలల తరబడి రిహార్సల్ చేయించి నటుణ్ణి తయారుచేసిన సమాజానికి మిగిలింది మినిట్స్ పుస్తకమే. కార్యవర్గంలో ఉండాలన్న ఆసక్తి నటుల్లో సన్నగిల్లి, ఆ కుర్చీలు నటించని పెద్దమనుషుల చేతికి పోవడం ఈ దశలోనే మొదలైందని నేననుకొంటాను.

సమాజాలన్నింటికీ ఒక ఉమ్మడి వేదిక కావాలన్న ఆలోచనతో 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడింది. దాని పోటీలు, వాటిని చూసి వెలసిన ఇతర పరిషత్తుల పోటీలు ఔత్సాహిక సమాజాలకు మళ్లీ ఊపిరి పోశాయి. నాటికలు, సాంఘిక నాటకాలు పెరిగాయి, దర్శకుడికి ప్రాధాన్యం వచ్చింది. దానితో పాటు కార్యవర్గం పనీ మారింది. పరిషత్తు నడపడమంటే మూడు నాలుగు రోజులు పందిరి, భోజనాలు, బస, న్యాయనిర్ణేతల రాకపోకలు, బహుమతులు. ఇంత ఖర్చుకు చందాలు చాలవు. అందువల్ల రైసుమిల్లు యజమానో, డాక్టరో, పొగాకు వ్యాపారో గౌరవాధ్యక్షులయ్యారు. 'గౌరవ' అన్న మాట తరువాత నెమ్మదిగా రాలిపోయింది. విజయనగరంలో మహారాజు ఉన్న చోట ఇప్పుడు దాత ఉన్నాడు. దీన్ని తప్పుపట్టడం తేలిక గాని, దాత లేకుండా పరిషత్తు నడిపి చూపమంటే ముందుకు వచ్చేవారు తక్కువ.

స్త్రీల సంగతి వేరుగా చెప్పుకోవాలి. పట్టణ సమాజాల్లో ఆడ వేషాలు మగవారే వేస్తున్న రోజుల్లో బళ్లారి రాఘవ కొమ్మూరి పద్మావతీదేవి వంటివారిని ప్రోత్సహించి తన నాటకాల్లో నటింపజేశారు. దానితో వేదిక మీద తలుపు తెరుచుకుంది, సమావేశం జంపఖానా మీద మాత్రం తెరుచుకోలేదు. నటి చాలాచోట్ల పారితోషికం పుచ్చుకొని వచ్చే అతిథిగానే మిగిలింది. చందాదారు కాదు గనుక ఓటరూ కాదు, ఓటరు కానివారు కార్యదర్శి కాలేరు. డబ్బు తీసుకోకపోవడమే గౌరవమన్న పాత సూత్రం, నటన మీదే బతికే స్త్రీని సభ్యత్వానికి వెలుపల ఉంచింది. ఆ మినహాయింపు ఏ నియమావళిలోనూ రాసి ఉండదు, అందుకే దాన్ని ఎవరూ రద్దు చేయలేదు.

చట్టం విషయానికి మళ్లీ వస్తే, ఆంధ్ర ప్రాంతంలో 1860 చట్టం, తెలంగాణ ప్రాంతంలో నిజాం కాలపు 1350 ఫసలీ (అంటే సుమారు 1940-41) నాటి చట్టం చాలాకాలం వేరువేరుగా నడిచాయి. 2001లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఆ రెండింటి స్థానంలో నిలిచింది. 2014 తరువాత తెలంగాణ కూడా దాన్నే తనకు అన్వయించుకొంది. సభ్యుల మధ్య, కార్యవర్గంలో తగవు వస్తే మధ్యవర్తిత్వ చట్టం కింద పరిష్కరించుకోవచ్చునని, లేదా జిల్లా కోర్టుకు వెళ్లవచ్చునని దీని 23వ సెక్షను చెబుతుంది. రిజిస్ట్రారు కార్యాలయంలో జాబితా దాఖలు చేసినంత మాత్రాన గెలిచినట్టేనని నమ్మి ఇరుపక్షాలూ పోటాపోటీగా జాబితాలు పట్టుకొని పరుగెత్తడం చూస్తుంటాం. ఎవరి ఎన్నిక చెల్లుతుందో తీర్పు చెప్పవలసింది ఆ కార్యాలయం కాదు. ఇక ఏడాదికి రెండు నాటికలు ఆడే సమాజం జిల్లా కోర్టులో వకీలు ఫీజు కట్టుకోవడం జరిగే పని కాదు గనుక, ఓడిన పక్షం తేలికైన దారి పడుతుంది: మరో ఏడుగురిని పోగుచేసి, పాత పేరుకు ముందు 'నవ్య' అనో 'నూతన' అనో తగిలించి, కొత్త సమాజాన్ని నమోదు చేయిస్తుంది. బళ్లారి కాలంలో రెండు సభల పోటీ నాటకాన్ని పెంచింది. ఇప్పుడు చిన్న ఊళ్లో ఉన్న ఎనిమిది మంది నటులు రెండు బోర్డుల కింద నలుగురేసి అయితే, ఏ బోర్డు కిందా పూర్తి నాటకం ఆడలేని స్థితి.

ఈ కథంతటిలోనూ ఒకే కుర్చీ మీద రెండు పనులు పడ్డాయి. లెక్కలు రాయడం, దాతలను కలవడం, కళ్యాణమండపం బుక్ చేయడం ఒక పని. ఏ నాటకం ఆడాలి, ఏ వేషం ఎవరికి అన్నది మరొకటి. వీరేశలింగం ఈ రెండూ ఒక్కరే చేశారు, చేయగలిగారు. సుగుణవిలాస సభ తరహా సమాజాలు మొదటిదాన్ని ఓటుకు పెట్టాయి, రెండోదాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తేల్చలేదు. అందుకే కార్యదర్శి పదవికి పోటీ వచ్చిందంటే అది లెక్కల పుస్తకం మీద మోజుతో కాదని, నాయక పాత్ర కోసమని సభ్యులకు తెలుసు.

పైన చెప్పిన రశీదు పుస్తకం సమాజంలోనే, ఆ గొడవ తరువాత రెండేళ్లకు, నియమావళికి ఒక వాక్యం చేర్చారు: ఆ ఏటి ప్రదర్శనలో ప్రధాన పాత్ర ధరించే సభ్యుడు ఆ ఏడు అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారి పదవుల్లో ఉండరాదు, పాత్రల ఎంపిక దర్శకుడు, ఇద్దరు నటించని సభ్యులు కలిసి చేయాలి. తీర్మానం చదివి ముగించగానే అప్పటి కార్యదర్శి లేచి, జేబులోంచి ముందే రాసుకొచ్చిన రాజీనామా కాగితం తీసి అధ్యక్షుడి చేతిలో పెట్టి, "మరి ఆ కర్ణుడి వేషం సంగతి ఎప్పుడు తేలుస్తారు?" అని అడిగారు.