121 అంకణాల ఆటస్థలం ఎటుపోయింది?

ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లల సోషల్ మీడియా ఖాతాలకు అడ్డుకట్ట వేసింది. అప్పటి నుంచి మన దగ్గరా అదే చర్చ. తిరుపతిలో పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో రోజూ ఫోను పంచాయితీనే. సరే, ఫోను లాక్కున్నాం. సాయంత్రం అయిదింటికి ఆ పిల్ల ఎక్కడికి వెళ్లాలి? ఈ ప్రశ్నకు మూలం స్మార్ట్‌ఫోన్లు ఇళ్లలోకి రాకముందే లేఅవుట్ కాగితాల్లో పడింది.

తిరుపతి కార్పొరేషన్ అయింది 2007లో. అదే ఏడాది డిసెంబరు 31న ఉమ్మడి రాష్ట్రంలో అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ నిబంధనలు వచ్చాయి. అసలు మలుపు అక్కడే ఉంది. అనుమతి తీసుకుని వేసే లేఅవుట్‌లో పదో వంతు ఖాళీ స్థలం వదిలి, గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు అప్పగించాలి. అనుమతి లేకుండా అమ్మినవాళ్లు ఆ స్థలాన్నీ ప్లాట్లు చేసి అమ్ముకున్నారు. ఆ లోటును కొన్నవాళ్లు డబ్బుతో పూడ్చుకోవచ్చన్న దారి తెరుచుకుంది. 2020 నిబంధనల్లో ఖాళీ స్థలం లేనందుకు ప్లాటు విలువలో 14 శాతం కట్టమన్నారు. 2025లో మళ్లీ పథకం వచ్చింది. అప్పోసప్పో చేసి కొన్నవాళ్ల తప్పేమీ లేదు, వాళ్లకు రిజిస్ట్రేషన్, ప్లాన్, బ్యాంకు లోను కావాలి. ప్లాటు సక్రమమైంది, ఆ వీధికి ఆటస్థలం మాత్రం రాలేదు.

పోయిందెంతో మన కొలతల్లోనే చూద్దాం. 36 చదరపు అడుగుల అంకణం లెక్కన ఎకరా 1,210 అంకణాలు. అందులో పదో వంతు 121 అంకణాలు, అంటే 484 గజాలు. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టూ మూడేసి మీటర్లు వదిలితే 360 చదరపు మీటర్లు, సుమారు 430 గజాలు. ఒక్క ఎకరా లేఅవుట్ చట్టప్రకారం వేసి ఉంటే ఒక పూర్తి కోర్టు పట్టేది.

అది లేనిచోట మిగిలేది ఇరవై అడుగుల వీధి. ఒకవైపు కారు నిలిపితే ఆరడుగులు పోతాయి, ఎదురుగా బైకులు, గేటు ముందు ర్యాంపు. మధ్యలో మిగిలిన సందులో బంతి తగిలేది కారు అద్దానికే. రెండుసార్లు గొడవైతే ఆట ఆగిపోతుంది. ఆడపిల్లలనైతే చీకటి పడకముందే లోపలికి పిలుస్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక కావాలి. 146 దేశాల 2016 నాటి లెక్కల్లో 11-17 ఏళ్ల వారిలో 81 శాతం మందికి అది అందలేదు. అమ్మాయిల్లో 85 శాతం. పరిసరాల ప్రభావం మీద 15 దేశాల్లో జరిగిన అధ్యయనంలో మనకు దగ్గరి చెన్నై కూడా ఉంది. పిల్లల నడుముకు కదలికను కొలిచే చిన్న యంత్రం కట్టి, ఇంటి చుట్టుపక్కల ఏముందో అడిగి, రెండూ పోల్చారు. ఇలాంటి పరిశోధనల్లో పార్కు, ఆటస్థలం నడిచి వెళ్లే దూరంలో ఉండటానికీ కదలికకూ సంబంధం కనిపిస్తూ వస్తోంది. స్క్రీన్ సమయంతో ఆ లంకె అంత గట్టిది కాదు. మైదానం వచ్చిందని ఫోను దానంతటదే తగ్గదు. బడికీ ట్యూషన్‌కీ మధ్య దొరికే గంటన్నరలో ఆడే చోటు, ఆడే జత రెండూ ఉండాలి.

పదో వంతు వదిలిన చోటా చిక్కులున్నాయి. వంక గట్టున మూల ముక్కో, హైటెన్షన్ తీగల కింద సన్నటి పట్టీయో ఖాళీ స్థలంగా చూపిస్తారు. తర్వాత అందులో ఓవర్‌హెడ్ ట్యాంకు లేస్తుంది. మిగిలితే చుట్టూ నడక దారి, మధ్యలో లాన్, దానికి కంచె. తాళం వేయకపోతే రాత్రి మందుబాబులు చేరతారన్నది కాలనీ పెద్దల మాట. ఆ భయం నిజమే. దానికి లైటు, కాపలా ఉండాలి. పిల్లలు వచ్చే వేళకు గేటు మూసి ఉండటం పరిష్కారం కాదు.

మీ కాలనీ సంగతి తేల్చుకోవాలంటే సేల్ డీడ్‌లో లేఅవుట్ నంబరు చూడండి. దానితో టౌన్ ప్లానింగ్ విభాగంలో ఆమోదిత ప్లాన్, గిఫ్ట్ డీడ్ నకళ్లు సమాచార హక్కు కింద అడగండి. సర్వేయరుతో హద్దులు కొలిపించండి. ప్లాన్‌లో పార్కు అని ఉన్న స్థలాన్ని వేరే పనికి ఇవ్వడం కుదరదని బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. స్థలం దక్కితే వాలీబాల్ కోర్టును ఉత్తర దక్షిణాలుగా వేయించండి, సాయంత్రం ఎండ కళ్లలో పడదు. నెట్ స్తంభాలు తీసిపెట్టేలా గొట్టాల్లో దించితే పొద్దున నడిచేవాళ్లకూ అడ్డుండదు.

అనుమతి లేని కాలనీ అయితే అడగాల్సింది ఇంకొకటి: మా ప్లాట్ల మీద ఖాళీ స్థలం పేరుతో వసూలు చేసింది ఎంత, దానితో ఈ వార్డులో కొన్న స్థలం ఎక్కడ?