ఇంట్లో సిలికాన్ అచ్చులు: అపోహలు – వాస్తవాలు

సబ్బులు, కొవ్వొత్తులు, రెజిన్ బొమ్మలు చేసేవాళ్లు ముందో వెనకో సొంత అచ్చు దగ్గరికి రావాల్సిందే. కొన్న అచ్చులో పోసిన బొమ్మ పక్కింటివాళ్ల దగ్గరా ఉంటుంది మరి. ప్రతిమ చుట్టూ సిలికాన్ పోసి, గట్టిపడ్డాక ప్రతిమని తీసేస్తే మిగిలే బోలే అచ్చు. పని పెద్ద కష్టమేమీ కాదు. కాకపోతే సిలికాన్ ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ కరగదు, మైనంలా కరిగించి మొదటికి రావడం కుదరదు. అందుకే ఈ పని చుట్టూ తిరిగే మాటల్లో ఏది ఎంతవరకు నిజమో పోయకముందే తెలుసుకోవాలి. లెక్కలు చెప్పాల్సిన చోట ఒకే వస్తువు తీసుకుందాం: అరచేతిలో ఇమిడే వినాయకుడి ప్రతిమ, 7 సెం.మీ. ఎత్తు, 6 సెం.మీ. వెడల్పు, 3 సెం.మీ. మందం, వీపు చదును.

అపోహ: సిలికాన్ ఏదైనా ఒకటే, చవకది తెచ్చుకుంటే చాలు.

ఇంట్లో పోసుకునే రెండు భాగాల సిలికాన్‌లో రెండు జాతులున్నాయి. ఒకటి టిన్ క్యూర్, అంటే టిన్ సమ్మేళనం సాయంతో గట్టిపడేది. బేస్ (అసలు సిలికాన్) పెద్ద డబ్బాలో, హార్డెనర్ (దాన్ని గట్టిపరిచేది) చిన్న సీసాలో వస్తుంది. 100 గ్రాముల బేస్‌కి సాధారణంగా 2 నుంచి 5 గ్రాముల హార్డెనర్, మీ డబ్బా మీద ఎంత రాసి ఉంటే అంత. ఇది గట్టిపడేటప్పుడు కొంత ఆల్కహాల్ ఆవిరై పోతుంది, ఆ మేరకు అచ్చు కాస్త కుంచించుకుపోతుంది. వినాయకుడికి ఆ తేడా కంటికి కూడా ఆనదు. డబ్బాకి మూత సరిపోవాల్సిన చోట మాత్రం ఇబ్బందే.

రెండోది ప్లాటినం క్యూర్, ఇది ప్లాటినం సాయంతో గట్టిపడుతుంది. ఎ, బి అని రెండు సీసాలు, ఎక్కువ రకాల్లో సగం సగం కలపాలి. కుంచించుకుపోవడం దాదాపు ఉండదు, అచ్చు ఏళ్లపాటు నిలుస్తుంది. ఖరీదు ఎక్కువ, పైగా మహా సుకుమారం. గిట్టని పదార్థం తగిలితే అక్కడ గట్టిపడనే గట్టిపడదు.

కొత్తవాళ్లకు మా సలహా: సబ్బు, మైనం, పీఓపీ పోయడానికైతే టిన్ క్యూర్‌తో మొదలుపెట్టండి. యూవీ రెజిన్ (అతినీలలోహిత కాంతి తగిలితే గట్టిపడేది) పోసేవాళ్లకు మాత్రం పారదర్శకమైన ప్లాటినం సిలికాన్ తప్పదు. ఆ రెజిన్‌కి వెలుతురు అచ్చు గోడల్లోంచి కూడా అందాలి. తెల్లటి అచ్చులో పోస్తే పైన గట్టిపడి అడుగు పచ్చిగా మిగిలిపోతుంది.

అపోహ: హార్డెనర్ నాలుగు చుక్కలు ఎక్కువేస్తే తొందరగా అయిపోతుంది.

టిన్ క్యూర్‌లో అవుతుంది, నిజమే. ఆ తొందరకి మూల్యం తర్వాత చెల్లిస్తారు: అచ్చు పెళుసెక్కుతుంది, ఎక్కువ కుంచించుకుపోతుంది, కొన్ని నెలలకే వంచిన చోట చిరుగుతుంది. ప్లాటినంలో కొలత తప్పితే తొందర మాట అటుంచి, అచ్చు మెత్తగానో జిడ్డుగానో ఉండిపోతుంది.

చుక్కల లెక్క, చెంచాల లెక్క మానేసి 0.1 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా కొనండి. మన వినాయకుడి లెక్కే చూడండి. ప్రతిమని వెల్లకిలా పడుకోబెట్టి చుట్టూ 1 సెం.మీ., పైన 1 సెం.మీ. వదిలితే పెట్టె లోపలి కొలత 8 × 9 × 4, అంటే 288 మి.లీ. ప్రతిమ అందులో సుమారు 80 మి.లీ. ఆక్రమిస్తుంది. మిగిలేది 208 మి.లీ. టిన్ క్యూర్ సిలికాన్ ఒక మి.లీ. దాదాపు 1.2 గ్రాములు తూగుతుందనుకుంటే 250 గ్రాములు, గ్లాసుకి అంటుకుపోయేదానికి పదో వంతు కలిపితే 275. దానికి 3 శాతం హార్డెనర్ అంటే 8.25 గ్రాములు. ఇంత చిన్న అంకెలో 2 గ్రాములు తేడా వస్తే పావు వంతు తప్పినట్టే. ప్రతిమ ఘనపరిమాణం లెక్కగట్టడం కష్టమనిపిస్తే, పెట్టెలో ప్రతిమ పెట్టి అచ్చు ఎంత ఎత్తు రావాలో అంతవరకు బియ్యం పోసి, ఆ బియ్యాన్ని కొలగ్లాసులో కొలవండి. అదే మీ సిలికాన్ పరిమాణం.

తొందరంటే ఇంకో మాట. ప్యాకెట్ మీద రాసిన పని సమయం (కలిపాక పోయడానికి వీలుండే వ్యవధి) 23–25 డిగ్రీల గదికి చెప్పింది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ సమయం దాదాపు సగమవుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట 40 నిమిషాల సిలికాన్ పావుగంట తిరక్కుండానే చిక్కబడుతుంది. వేసవిలో తెల్లవారుజామున పోయండి, లేదా మూత బిగించిన సీసాల్ని గంటసేపు చన్నీళ్ల బకెట్లో ఉంచి, పైన తడి తుడిచి వాడండి.

అపోహ: గట్టిపడలేదంటే సరుకు నకిలీదే.

కొన్నిసార్లు కావచ్చు. కానీ ఎక్కువసార్లు తప్పు మన దగ్గరే ఉంటుంది. అదెక్కడుందో జిగటే చెబుతుంది.

అచ్చంతా బాగా గట్టిపడి, ప్రతిమకి తగిలిన ఉపరితలం మాత్రమే బంకగా ఉంటే సిలికాన్‌కి ప్రతిమ గిట్టలేదన్నమాట. ప్లాటినం క్యూర్‌కి గంధకం, టిన్ లవణాలు, అమైన్లు శత్రువులు. గంధకం ఉన్న మోడలింగ్ క్లే, ఎం-సీల్ లాంటి ఎపాక్సీ పుట్టీ, సరిగా ఆరని రంగు, పూర్తిగా క్యూర్ కాని త్రీడీ రెజిన్ ప్రింట్, చేతికి తొడుక్కున్న లేటెక్స్ గ్లవ్స్, ఇవన్నీ అందులోకే వస్తాయి. టిన్ క్యూర్ కోసం వాడిన పుల్లతో ప్లాటినం కలిపినా అంతే సంగతులు. గ్లవ్స్ నైట్రైల్‌వో వినైల్‌వో వాడండి. క్లే కొనేటప్పుడు గంధకం లేనిదేనా అని అడగండి. లక్క పాలిష్ గానీ యాక్రిలిక్ స్ప్రే గానీ రెండు పూతలు వేస్తే కొన్నిసార్లు గట్టెక్కుతుంది, గంధకం విషయంలో దాన్ని నమ్ముకోలేం.

అక్కడక్కడా చారలుగా, మచ్చలుగా పచ్చిగా ఉంటే కలపడంలో లోపం. గ్లాసు గోడలకీ అడుగు మూలలకీ అంటుకున్న బేస్‌కి హార్డెనర్ అందలేదు. మూడు నిమిషాలు కలపండి, ప్రతి అర నిమిషానికీ గోడలు గీకండి. ఆ తర్వాత మొత్తాన్ని ఇంకో శుభ్రమైన గ్లాసులోకి వంచి మరో నిమిషం కలపండి. మొదటి గ్లాసు అడుగున మిగిలింది గీకి పోయకండి. రంగు హార్డెనరైతే చారలు పోయేదాకా చూడొచ్చు, అదొక సుఖం.

అచ్చు మొత్తం ఒకే తీరుగా మెత్తగా ఉంటే కొలత తప్పైనా అయ్యుండాలి, హార్డెనర్ పాతదైనా అయ్యుండాలి. టిన్ హార్డెనర్ గాలిలోని తేమకి పాడవుతుంది, సీసా మూత వదులుగా పెడితే వానాకాలం దాటదు. బేస్ డబ్బాలో ఫిల్లర్ (సిలికాన్‌లో కలిపి ఉండే పొడి) అడుగుకి దిగుతుంది. అడుగునుంచి కలియబెట్టకుండా పైతేట వంచితే మొదటి అచ్చు ఒకలా, చివరి అచ్చు ఇంకోలా వస్తాయి.

కొత్త ప్రతిమ ఏదైనా సరే, వీపు మీద కనిపించని మూలలో 5 గ్రాముల సిలికాన్ కలిపి రాసి మర్నాడు గోకి చూడండి. 275 గ్రాములు పారేయడం కంటే అది మేలు.

అపోహ: సిలికాన్‌కి ఏదీ అంటుకోదు, రిలీజ్ ఏజెంట్ (అంటుకోకుండా రాసే పూత) దండగ.

సిలికాన్‌కి సిలికాన్ అంటుకుంటుంది, అదీ విడదీయలేనంతగా. రెండు భాగాల అచ్చులో మొదటి సగం మీద రిలీజ్ లేకుండా రెండో సగం పోస్తే లోపల ప్రతిమతో సహా ఒకటే దిమ్మ మిగులుతుంది. వ్యాసలైన్‌ని పలచగా రాసి, కుంచె గీతలు పోయేలా మెత్తటి గుడ్డతో తుడవండి. ఆ గీతలు ఉంటే అవి కూడా అచ్చులో దిగుతాయి. గాజు, గ్లేజు వేసిన పింగాణీ కూడా సిలికాన్‌ని పట్టుకునే రకాలే.

కట్టె, మట్టి, పీఓపీ ప్రతిమలది ఇంకో కథ. వాటి సూక్ష్మరంధ్రాల్లోకి సిలికాన్ దిగి అక్కడే గట్టిపడుతుంది. పైగా వాటిలోని గాలి బయటికొచ్చి ప్రతిమ ముఖం మీదే బుడగలు కడుతుంది. ముందు లక్క పాలిష్ రెండు పూతలు వేసి, ఒక రోజు ఆరనిచ్చి, అప్పుడు రిలీజ్ రాయాలి. రంగులేసిన కొండపల్లి బొమ్మని మాత్రం అచ్చుకి మాస్టర్‌గా (మూల ప్రతిమగా) వాడకండి. కట్టె మీద మక్కు, దాని మీద రంగు, అచ్చు ఊడదీసేటప్పుడు ఏ పొర లేచొస్తుందో చెప్పలేం.

అపోహ: వాక్యూమ్ పంపు (గాలిని లాగేసేది) లేకపోతే బుడగలు తప్పవు.

సబ్బు, కొవ్వొత్తుల అచ్చులకి పంపు అక్కర్లేదు. సిలికాన్‌ని గిలక్కొట్టకుండా నిదానంగా కలపండి. ముందు కొద్దిగా తీసుకుని మెత్తటి కుంచెతో ప్రతిమ మీద, తొండానికీ బొజ్జకీ మధ్య సందులో, చెవుల వెనక పలచగా పూయండి. మిగతాది పెట్టెలో ఒకే మూలన, ఒక అడుగు ఎత్తునుంచి సన్నటి దారంలా పోయండి. ఆ దారం సాగేటప్పుడే పెద్ద బుడగలు పగిలిపోతాయి. సిలికాన్ తనంతట తాను పాకి ప్రతిమని కప్పుకోవాలి, ప్రతిమ నెత్తిన పోయకూడదు. తర్వాత పెట్టె అడుగున కాసేపు మెల్లగా తట్టండి.

పెట్టెకి 5 మి.మీ. సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ పలక), గ్లూ గన్ చాలు. కీళ్లన్నీ బయటినుంచి గ్లూతో మూసేయండి, సూదిమొన సందున్నా సిలికాన్ తెల్లారేసరికి టేబుల్ మీదుంటుంది. ప్రతిమ వీపుని అడుగుకి అతికించడం మర్చిపోతే అది తేలుతుంది, లేదా కిందికి సిలికాన్ పాకి వీపంతా ముడతలు పడుతుంది.

పలచబడితే బుడగలు పోతాయని పెయింట్ థిన్నరో, కిరోసినో, కొబ్బరినూనో కలిపేవాళ్లున్నారు. వద్దు. అచ్చు మొదట ఉబ్బి, కలిపింది బయటికి పోయేకొద్దీ కుంచించుకుని ఆకారం చెడుతుంది. కలపాలంటే సిలికాన్ ఆయిల్ ఒక్కటే, అదీ 5 శాతానికి మించకుండా, చిరిగే గుణం పెరుగుతుందని తెలిసి మరీ కలపాలి.

పారదర్శక రెజిన్‌ని ప్రెషర్ పాట్‌లో (గాలి ఒత్తిడితో బుడగల్ని నలిపేసే పాత్రలో) పెట్టి గట్టిపరిచేవాళ్లకి లెక్క మారుతుంది. అచ్చు గోడలో దాగిన బుడగ ఒత్తిడికి నలిగి, రెజిన్ మీద చిన్న మొటిమలా తేలుతుంది. అందుకే ఆ అచ్చుని కూడా అదే ఒత్తిడిలో గట్టిపరుస్తారు. ఇక్కడే ఒక ప్రమాదకరమైన చిట్కా తిరుగుతోంది: వంటింటి ప్రెషర్ కుక్కర్‌కి గాలి పంపు బిగించడం. కుక్కర్ పనిచేసే ఒత్తిడి 15 పీఎస్ఐ దగ్గర, రెజిన్ పనికి వాడేది 40 నుంచి 60. ఆ మూత ఎగిరితే బాంబే.

అపోహ: బాత్రూమ్ సీలెంట్, కార్న్‌ఫ్లోర్ ఉంటే అసలు సిలికానే అక్కర్లేదు.

ఇది సగం నిజం. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ సీలెంట్ గాలిలోని తేమతో పైనుంచి లోపలికి గట్టిపడుతుంది, రోజుకి రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే. అందుకే ఉత్త సీలెంట్ ముద్ద లోపల రోజుల తరబడి పచ్చిగా ఉంటుంది. కార్న్‌ఫ్లోర్ తనలోని తేమని లోపలికి మోసుకెళ్తుంది కాబట్టి ముద్ద మొత్తం గంటలోపే బిగుస్తుంది. కొలత సీలెంట్‌తో దాదాపు సమానం, పిండి ఎక్కువైతే అచ్చు పెళుసు. గిన్నెల సబ్బు నీళ్లలో పిసికే పద్ధతి కూడా ఈ పనే చేస్తుంది.

బొత్తాలు, నాణెం సైజు పతకాలు, చదును అలంకారాలకి ఇది బాగానే పనికొస్తుంది. ఇది పోసేది కాదు, ఒత్తేది. వినాయకుడి కళ్లు, కిరీటం చెక్కడం దగ్గర గాలి చిక్కుకుని గుంటలు మిగులుతాయి. ఇత్తడి, రాగి ప్రతిమల మీద వాడొద్దు, ఆ ఆమ్లానికి లోహం నల్లబడుతుంది. కిటికీలు తెరిచి చేయండి, వాసన ఘాటు.

అపోహ: ఎంత మెత్తగా ఉంటే అంత మంచి అచ్చు.

మెత్తదనాన్ని షోర్ ఎ అంకెతో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ మెత్తన. తొండం కింద లోవంపులున్న సబ్బుకి 10–15 బాగుంటుంది, సబ్బు విరక్కుండా అచ్చు ఒంగుతుంది. పొడవాటి పీఓపీ దిమ్మకి అదే వాడితే బరువుకి గోడలు పొట్టలా ఉబ్బుతాయి, అక్కడ 25–30 కావాలి. ఒకే రకం కొనేదుంటే 20 దగ్గరిది కొనండి.

అపోహ: మెరుపు రెజిన్‌లో ఉంటుంది.

మెరుపు ప్రతిమలో ఉంటుంది. అచ్చు ఆ నునుపుని అలాగే పట్టి అలాగే తిరిగి ఇస్తుంది. ఇసుక కాగితం గీతలున్న ప్రతిమకి ఎంత ఖరీదైన రెజిన్ పోసినా మసకే.

అపోహ: గట్టిపడ్డాక చాక్లెట్ కూడా పోయొచ్చు.

టిన్ క్యూర్‌లో ఎప్పుడూ వద్దు, దాని ఉత్ప్రేరకం టిన్ సమ్మేళనం. ప్లాటినంలోనూ తయారీదారు ఆహారానికి పనికొస్తుందని రాసిన రకమే, చెప్పిన వేడిలో చెప్పినంతసేపు కాల్చాకే. రెజిన్ ఒక్కసారి పోసిన అచ్చు మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

అపోహ: పచ్చి మట్టి వినాయకుడికి సిలికాన్ అచ్చే బెస్ట్.

కాదు. సిలికాన్ నీళ్లు పీల్చదు, మట్టి అందులో ఆరదు, తీసేటప్పుడు తొండం లోపలే ఉండిపోతుంది. కుమ్మరి పనికి పీఓపీ అచ్చులు వాడేది ఊరికే కాదు, ప్లాస్టర్ తేమని లాగేసి మట్టిని గోడ నుంచి విడదీస్తుంది. సిలికానే ఉందంటే లోపల కార్న్‌ఫ్లోర్ చల్లి, గట్టి ముద్దని ఒత్తి, వెంటనే తీయండి.

అపోహ: ఒకసారి చేస్తే జీవితాంతం.

సబ్బుకీ మైనానికీ ఏళ్లు వస్తుంది. ఎపాక్సీ, పాలిస్టర్ రెజిన్లు మాత్రం పోసిన ప్రతిసారీ అచ్చు ఉపరితలాన్ని కొంచెం తినేస్తాయి. ముందు మెరుపు పోతుంది, తర్వాత అంటుకోవడం మొదలవుతుంది, ఆపైన ముక్కలు ఊడొస్తాయి. టిన్ క్యూర్ అచ్చుని ఊడదీసిన రోజే రెజిన్ పోయకుండా రెండు మూడు రోజులు గాలికి వదిలేస్తే లోపల మిగిలిన ఆల్కహాల్ పోతుంది, అచ్చు ఎక్కువ కాలం వస్తుంది. దాచేటప్పుడు చదునుగా, మీద బరువు లేకుండా పెట్టండి. లోపల ఒక పోత వదిలేస్తే ఆకారం చెడదు.

పాడైన అచ్చుని పారేయక్కర్లేదు. వేలిగోరంత ముక్కలు కోసి, కొత్త అచ్చు పోసేటప్పుడు ప్రతిమని ఒక సెంటీమీటరు సిలికాన్ కప్పేశాక ఆ పైన వేయండి. కొత్త సిలికాన్ పాతదాన్ని పట్టేసుకుంటుంది, పెద్ద అచ్చుల్లో సరుకు బాగా కలిసొస్తుంది. ప్లాటినం పోసేటప్పుడు మాత్రం టిన్ క్యూర్ ముక్కలు వేయకండి, అవి తగిలిన చోటల్లా జిగటే మిగులుతుంది.