రేకుల నీడ, వేపచెట్టు నీడ

మే నెల మధ్యాహ్నం రెండింటికి హైదరాబాద్‌లో తార్నాక వైపు ఏదైనా బస్టాప్ దగ్గర కాసేపు ఆగి చూడండి. పైన రేకుల కప్పు, కూర్చోవడానికి బల్ల, అన్నీ ఉంటాయి. జనం మాత్రం పది అడుగుల అవతల వేపచెట్టు కింద నిలబడతారు. బస్సు రాగానే పరుగెత్తుకొస్తారు.

రెండూ నీడలే కదా! థర్మామీటరు పెడితే రెండు చోట్లా గాలి వేడిలో పెద్ద తేడా కనిపించకపోవచ్చు. కానీ ఒంటికి తగిలేది గాలి వేడి ఒక్కటే కాదు. చుట్టూ ఉన్న ప్రతి వస్తువూ తన వేడిని కంటికి కనిపించని కిరణాల రూపంలో మన మీదికి వదులుతూనే ఉంటుంది. ఎండకు కాగిన రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఎండను ఆపినట్టే ఆపి, ఆ వేడినే కింద ఉన్నవాళ్ల నెత్తిన కుమ్మరిస్తుంది.

ఆకు అలా కాగదు. దానికున్న సన్నటి రంధ్రాల్లోంచి, వేళ్లు తోడిన నీరు ఆవిరై పోతుంటుంది. ఆవిరయ్యేటప్పుడు వేడిని వెంట తీసుకుపోతుంది. రంజన్లో నీళ్లు చల్లబడేదీ ఇందుకే. లీటరు నీరు ఆవిరవడానికి సుమారు 0.68 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. బాగా నీరందే పెద్ద చెట్టు రోజుకు 100 లీటర్లు వదిలిందనుకుంటే 68 యూనిట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ దాదాపు 13 గంటలు ఆగకుండా నడిస్తే గదిలోంచి తోడే వేడి అంత. ఏసీ ఆ వేడిని వీధిలోకే తోస్తుంది, తను వాడిన కరెంటు వేడి కూడా కలిపి. చెట్టు చల్లదనం గాలికి కొట్టుకుపోతుంది నిజమే, కానీ పక్కింటివాళ్లకు సెగ తగలదు.

హైదరాబాద్ ఎండ పొడి ఎండ. విశాఖ ఉక్కపోతలో ఉసూరుమనే కూలర్ ఇక్కడ హాయిగా పనిచేస్తుంది, చెట్టూ అంతే. అయితే పొడి గాలిలో ఒక చిక్కు ఉంది. నేలలో తడి చాలకపోతే చెట్టు తన ప్రాణం కాపాడుకోవడానికి మధ్యాహ్నానికల్లా ఆ రంధ్రాలు మూసేస్తుంది. సరిగ్గా మనకు అవసరమైన వేళకు దాని కూలర్ బంద్. ఇక మిగిలేది నీడ ఒక్కటే. అపార్ట్‌మెంట్లో ఇంకుడు గుంత తవ్విస్తాం కానీ, గేటు ముందున్న చెట్టు చుట్టూ గజం మట్టి కూడా వదలకుండా మొదలు దాకా సిమెంటు పోస్తాం.

పచ్చగా ఉన్నదల్లా ఒకటే అనుకోవడమూ పొరపాటే. లాన్ నీళ్లు తాగుతుంది, నీడ ఇవ్వదు. డివైడర్ మీది పూలమొక్కలు కంటికి ఇంపు, అంతే. మనుషులు నడిచేది ఫుట్‌పాత్ మీద కదా.

ఇంకో వింత. ఎండాకాలం పగటిపూట ఉపగ్రహంతో నేల వేడి కొలిస్తే, మన దేశంలో చాలా నగరాలు చుట్టుపక్కల ఊళ్లకంటే వేడిగా ఉండవు. కోతలైపోయిన బీడు పొలాలు పెనంలా కాగుతుంటాయి, నగరంలో కొన్ని చెట్లైనా పచ్చగా ఉంటాయి. రాత్రికి లెక్క తిరగబడుతుంది. పగలంతా కాగిన కాంక్రీటు, తారు ఆ వేడిని మెల్లగా వదులుతాయి. నగరం రాత్రి చుట్టుపక్కల ఊళ్లంత చల్లబడదని వాతావరణ పరిశీలకుడు ల్యూక్ హోవార్డ్ రెండు వందల ఏళ్ల కిందటే లండన్‌లో కొలిచి చూపించాడు. అందుకే సాయంత్రం ఎండ గోడకు తగలకుండా చెట్టు ఆపితే, దాని ఫలితం రాత్రి తెలుస్తుంది.

మా బిల్డింగ్ పడమటి వైపు ఒక కానుగ చెట్టుంది. దాని నీడ రెండో అంతస్తు దాకానే. మేముండేది నాలుగులో. రాత్రి పదకొండింటికి మంచం పక్క గోడ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే తగులుతుంది.