నేలకింది గదులకు అందని అప్పు: న్యూయార్క్ బేస్‌మెంట్ ఇళ్ల నేపథ్యం

2021 సెప్టెంబర్ 1 రాత్రి న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఒక్క గంటలో 3.15 అంగుళాల వాన పడింది. ఇడా తుఫాను వెళ్తూ వెళ్తూ కురిపించిన వాన అది. అంతకు పదకొండు రోజుల కిందటే 1.94 అంగుళాలతో కొత్త రికార్డు నమోదైందని నగరం ఆశ్చర్యపోయింది. ఇడా దెబ్బకు నగరంలో చనిపోయిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్లలో మునిగిపోయినవాళ్లే. వాళ్లలో ఎక్కువ మంది ఉన్నది నగరంలోని అయిదు పెద్ద భాగాల్లో ఒకటైన క్వీన్స్‌లో. సముద్రం పొంగలేదు. రోడ్డు మీది నీళ్లు మెట్ల మీదుగా గదుల్లోకి దిగాయి.

అలాంటి గదిని ఒకసారి కళ్ల ముందుకు తెచ్చుకోండి. పైకప్పు దగ్గర మనిషి పట్టని చిన్న కిటికీ, గోడ అవతల బాయిలర్, బయటికి ఒకటే తలుపు. ఆ తలుపు బయట రెండడుగుల నీళ్లు నిలిచాయంటే దాని మీద దాదాపు 150 కిలోల ఒత్తిడి ఉంటుంది. లోపలికి తెరిచే తలుపైతే గొళ్లెం తీయగానే నీళ్లు మీద పడతాయి. బయటికి తెరిచేదైతే ఎంత తోసినా కదలదు.

మనకు సెల్లార్ అంటే అపార్ట్‌మెంట్ కింద బండ్లు పెట్టుకునే చోటు, వాచ్‌మన్ కుటుంబం తలదాచుకునే చోటు. న్యూయార్క్ చట్టం సెల్లార్, బేస్‌మెంట్ రెండూ వేరంటుంది. గది ఎత్తులో సగానికి మించి నేలలోకి ఉంటే సెల్లార్, సగమో అంతకంటే ఎక్కువో నేలపైకి ఉంటే బేస్‌మెంట్. బేస్‌మెంట్‌ను కొన్ని షరతులతో అద్దెకివ్వచ్చు, సెల్లార్‌ను ఇవ్వడం దాదాపు అసాధ్యం. అద్దెకుండేవాళ్లలో ఈ తేడా తెలిసినవాళ్లు ఎందరుంటారు?

ఈ నిబంధనల వెనక పాత భయం ఉంది. 19వ శతాబ్దంలో వలస వచ్చిన పేదలు చీకటి సెల్లార్లలో కిక్కిరిసి బతికారు. విలేకరి జేకబ్ రీస్ మెగ్నీషియం పొడి వెలిగించి, ఆ వెలుతురులో తీసిన ఫొటోలు నగరానికి ఆ బతుకుల్ని చూపించాయి. 1867లో, 1901లో వచ్చిన అద్దె ఇళ్ల చట్టాలు గాలి, వెలుతురు తప్పనిసరి చేశాయి. మంచి పనే. కానీ నిషేధం పెట్టినవాళ్లు అక్కడున్న మనుషులకు వేరే ఇల్లు చూపించలేదు. అందుకే ఆ బతుకులు ఆగలేదు, చాటుకు వెళ్లాయి.

ఈ చాటు బతుకు మన దక్షిణాసియా వాళ్లకు బాగా తెలుసు. క్వీన్స్‌లో ఒక కుటుంబం అప్పు చేసి ఇల్లు కొంటుంది, కింది గది అద్దెతో వాయిదా కడుతుంది. ఆ గదిలోకి కొత్తగా దేశానికొచ్చిన ఇంకో కుటుంబం చేరుతుంది. ఫిర్యాదు చేస్తే అధికారులు ఖాళీ చేయమంటారని అద్దెకున్నవాళ్లకు భయం, జరిమానా పడుతుందని ఓనర్‌కు టెన్షన్. ఇద్దరూ నోరెత్తరు. జాక్సన్ హైట్స్‌లో దక్షిణాసియా కుటుంబాల కోసం పనిచేసే 'ఛాయా' సంస్థ 2008లో నగర ప్రణాళిక మీద పనిచేసే ప్రాట్ సెంటర్‌తో కలిసి లెక్క తీసింది. 1990 నుంచి 2000 వరకు రికార్డులకెక్కకుండా చేరిన ఇళ్లు దాదాపు 1,14,000 అని తేలింది. అన్నీ బేస్‌మెంట్లు కావు, కానీ అవీ చాలానే ఉన్నాయి. వీటిని మూసేయకండి, బాగుచేసుకోవడానికి దారి చూపండి అన్న ఉద్యమం అక్కడ మొదలైంది.

ఆ దారి తెరుచుకోవడానికి పదకొండేళ్లు పట్టింది. 2019లో బ్రూక్లిన్‌లోని ఈస్ట్ న్యూయార్క్ ప్రాంతంలో నగరం ఒక ప్రయోగం పెట్టింది. కొన్ని నిబంధనలు సడలించి, తక్కువ వడ్డీకి లేదా వడ్డీ లేకుండా 1,20,000 డాలర్ల దాకా అప్పిస్తామంది. వందల మంది ఓనర్లు ముందుకొచ్చారు. తీరా ఇళ్లు చూస్తే పనులు చాంతాడంత. కిటికీలు పెద్దవి చేయాలి, బయటికి ఇంకో దారి తీయాలి, మంట లేస్తే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు పెట్టాలి, ఎత్తు చాలకపోతే నేల తవ్వాలి. ఖర్చు అప్పును దాటిపోయింది. 2020లో కోవిడ్ రాగానే బడ్జెట్ కత్తెర దీని మీదా పడింది. పది లక్షల డాలర్లకు పైగా ఉన్న కేటాయింపు 91,580 డాలర్లకు దిగింది. చివరిదాకా నిలిచిన ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. మరుసటి ఏడాదే ఇడా వచ్చింది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తే కడుపు రగులుతుంది.

ఇడా తర్వాత అందరి నోటా ఒకటే లెక్క వినిపించింది: నగరంలో అనుమతి లేని బేస్‌మెంట్ ఇళ్లు కనీసం 50,000, వాటిలో ఉండేవాళ్లు లక్ష మంది. 2023 చివర్లో నగరం, రాష్ట్రం కలిసి 'ప్లస్ వన్ ఏడీయూ' పేరుతో ఒక పథకం తెచ్చాయి. ఏడీయూ అంటే ఉన్న ఇంటికి అనుబంధంగా ఉండే చిన్న ఇల్లు. రాష్ట్రం ఇచ్చే గ్రాంటు, నగరం ఇచ్చే అప్పు కలిపి ఒక్కో ఇంటికి 3,95,000 డాలర్ల దాకా అందుతుందని చెప్పాయి. ఓనర్ ఆ ఇంట్లోనే ఉండాలని, ఆదాయానికి, అద్దెకు పరిమితి ఉంటుందని షరతు పెట్టాయి. అసలు ఖర్చెంతో ప్రభుత్వం ఒప్పుకున్నది ఇక్కడే అని నాకనిపిస్తుంది. కానీ మొదటి విడతలో చోటు పెట్టింది 15 మంది ఓనర్లకే.

2024 ఏప్రిల్‌లో రాష్ట్ర చట్టసభ ఇంకో తలుపు తీసింది. అప్పటికే ఉన్న బేస్‌మెంట్, సెల్లార్ ఇళ్లను బాగుచేసి సక్రమం చేసుకోవచ్చంది. డిసెంబర్‌లో నగర కౌన్సిల్ తన వంతు చట్టం చేసింది, వరద ముప్పున్న చోట్ల మాత్రం నేలకింద కొత్త ఇళ్లు వద్దంది. ఆ జాగ్రత్త అవసరమే. బాధ ఎక్కడంటే, రాష్ట్రం ఇచ్చిన ఈ వెసులుబాటు కొన్ని ప్రాంతాలకే. క్వీన్స్‌లో 14 కమ్యూనిటీ డిస్ట్రిక్టులు (నగర పాలన కోసం గీసిన వార్డుల్లాంటివి) ఉంటే ఆ 2024 చట్టం జాబితాలో ఉన్నది ఒక్కటి, వుడ్‌సైడ్ ఉన్న రెండో నంబరు. మొదటి ప్రయోగం జరిగిన ఈస్ట్ న్యూయార్క్ లేదు. ఇడా రాత్రి మనుషులు మునిగిపోయిన, క్వీన్స్‌లోని హాలిస్ కూడా లేదు. అక్కడి ఓనర్ తన కింది గదిని సరిచేసి ఈ పథకం కింద కాగితాల్లోకి ఎక్కిద్దామన్నా, దరఖాస్తు తీసుకునే కౌంటర్ లేదు.