బొట్టు పెట్టి పిలిచే బృందం

చిరంజీవులు చిన్నూకు, అమ్ములుకు తాతయ్య ఆశీస్సులు.

ఉత్తరాలు, లెక్కలు రాసుకునే ఉచిత ప్రోగ్రాము లిబ్రెఆఫీస్ మెనూలో ఒక తెలుగు మాట తప్పుగా ఉందని రాశారు. బాగా పట్టారు. దాని వెనకాలే అడిగిన ప్రశ్న ఇంకా బాగుంది: "అది అందరిదీ, ఎవరైనా దిద్దొచ్చు అంటావు కదా తాతయ్యా, మరి ఆ సంగతి మా బడికొచ్చి ఎవరూ చెప్పలేదేం?"

తలుపు తెరిచి ఉంచడం వేరు, పిలవడం వేరు.

మా చిన్నప్పుడు ఊళ్లో పెళ్లంటే శుభలేఖ పంపితే సరిపోయేది కాదు. ఇద్దరు ముత్తైదువలు కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్లేవాళ్లు. గుమ్మంలో ఇంటావిడకు బొట్టు పెట్టి, ఫలానా రోజు ఫలానా వేళకు ముహూర్తం, పిల్లాజెల్లాతో రావాలి అని నోరారా చెప్పేవాళ్లు. ఇంటికి తాళం ఉంటే తలుపుకే బొట్టు పెట్టి, దీపాలవేళ మళ్లీ వెళ్లేవాళ్లు. ఇలా అందరూ కలిసి రాసుకునే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు చాలావరకు వెబ్‌సైట్‌లో "అందరికీ స్వాగతం" అని రాసి ఊరుకుంటాయి. అది తలుపుకు పెట్టిన బొట్టు. దీపాలవేళ మళ్లీ వెళ్లే మనుషులు కావాలి. వాళ్లనే అవుట్‌రీచ్ టీమ్ అంటారు.

చిన్న ప్రాజెక్టుకు నలుగురు చాలు. ఒకరు బయట తిరిగి కాలేజీల్లో, బడుల్లో మాట్లాడతారు. ఒకరు గుమ్మంలో ఉండి, కొత్తగా వచ్చినవాళ్ల మొదటి ప్రశ్నకు జవాబిస్తారు. ఒకరు కొత్తవాళ్లకు తగిన పనులు ఏరి పెడతారు. నాలుగో మనిషి లెక్కలు చూస్తారు: ఖర్చెంత, వచ్చిందెవరు, నిలిచిందెవరు. ఏ పని ఎవరిదో పేరుతో సహా రాసి పెట్టుకోవాలి. "తీరికున్నవాళ్లు చూస్తార్లే" అనుకుంటే ఎవరూ చూడరు. మనిషికి వారానికి మూడు గంటలు, ఆర్నెల్ల గడువు. ఆ తర్వాత చేతులు మారాలి. పిలుపులకు తిరిగినావిడనే వడ్డనకూ నిలబెడితే పెళ్లినాటికి ఆవిడ మంచానపడుతుంది.

పిలుపుల కంటే ముందు వంట సంగతి చూసుకోవాలి. చాలా ప్రాజెక్టులు తప్పేది ఇక్కడే. పాతిక మందిని పిలిచి, వాళ్లొచ్చి "ఏం చెయ్యమంటారు?" అంటే మొహమొహాలు చూసుకుంటారు. లిబ్రెఆఫీస్ వాళ్లు దీనికి మంచి ఏర్పాటు చేసుకున్నారు. కొత్తవాళ్ల కోసం చిన్న చిన్న పనులు ఏరి, ఈజీ హ్యాక్స్ అని పేరు పెట్టి విడిగా ఉంచుతారు. అలాంటి పనిచీటీ మీద ఉండాల్సినవి: తప్పు ఏమిటి, ఏ ఫైల్లో ఉంది, దిద్దాక సరిపోయిందని ఎలా తెలుస్తుంది, చిక్కొస్తే ఎవర్ని అడగాలి. ఒక్కో పని రెండు నుంచి నాలుగు గంటల్లో తేలాలి. పిలుపుకు ముందే అలాంటివి పదిహేనైనా సిద్ధంగా ఉంచాలి. ఇంకో మాట, పెద్దవాళ్లు వాటి జోలికి పోకూడదు. చెయ్యి తిరిగినవాడికి అది పది నిమిషాల పని, చూడగానే చేసేద్దామని చెయ్యి దురద పెడుతుంది. చేసేస్తే కొత్తవాడి విస్తరి ఖాళీ.

ఇన్‌స్టాల్ చేసే విధానం రాసిన కాగితాన్ని, ఆ ప్రాజెక్టు మొహం ఎరగని మనిషి చేతికిచ్చి వెనక కూర్చోవాలి. నోరు మెదపకూడదు. ఎక్కడ ఆగాడో అక్కడ గీత పెట్టాలి. ఆ గీతలన్నీ దిద్దాకే బయటికి పిలుపు.

బడికి వెళ్లేటప్పుడు ఆరేడుగురు పిల్లలకు ఒక పెద్ద చొప్పున ఉండాలి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లలో పట్టుకెళ్లాలి. పాతిక మంది ఒక్కసారి డౌన్‌లోడ్ మొదలుపెడితే బడి వైఫై చతికిలబడుతుంది. లిబ్రెఆఫీస్ లాంటి పెద్ద ప్రోగ్రామును సోర్సు నుంచి, అంటే మనుషులు రాసిన కోడ్ నుంచి, కట్టడానికి గంటలు పడుతుంది, పాత ల్యాప్‌టాప్ అయితే రాత్రంతా. అందుకని మొదటిరోజే దాని జోలికి పోకుండా, అనువాదంలో తప్పులు దిద్దడంతో మొదలుపెట్టాలి. ఇంటికెళ్లేలోపు ప్రతి పిల్లా ఒక్క దిద్దుబాటైనా పంపి ఉండాలి.

పంపిన దానికి జవాబు రెండు రోజుల్లో రావాలి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తయారుచేసే మొజిల్లా వాళ్లు తమ దగ్గరికొచ్చిన కొత్తవాళ్లను గమనించి చూశారు. మొదటి దిద్దుబాటును 48 గంటల్లో చూసి చెబితే చాలామంది మళ్లీ వచ్చారట, వారం దాటితే దాదాపు ఎవరూ రాలేదట. విస్తరి ముందు కూర్చోబెట్టి వడ్డించకపోతే ఎవరు కూర్చుంటారు?

బొట్టు పిలుపులో ఒక లోపం ఉండేది, అదీ చెప్పాలి. భర్త పోయిన ఆడవాళ్లకు బొట్టు పెట్టేవాళ్లు కాదు. ఎవరూ అది తప్పనుకోలేదు, ఆచారమనుకున్నారు. సాఫ్ట్‌వేర్‌లోనూ అలాంటిదే జరిగింది. గ్నోమ్ అంటే లినక్స్ కంప్యూటర్లలో తెరమీద కనిపించే డెస్క్‌టాప్. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అంటే ఇలాంటి ప్రాజెక్టుల్లో పనిచేసే విద్యార్థులకు గూగుల్ డబ్బిచ్చే ఏర్పాటు. 2006లో గ్నోమ్ ప్రాజెక్టుకు దాని కోసం దాదాపు రెండొందల దరఖాస్తులొచ్చాయి. ఆడపిల్లది ఒక్కటీ లేదు. ఎవరూ వద్దనలేదు, తలుపూ తెరిచే ఉంది. అదే ఏడు గ్నోమ్ వాళ్లు ప్రత్యేకంగా మహిళలనే పిలిచారు. వంద మంది దాకా ముందుకొచ్చారు! వాళ్లంతా అంతకుముందూ ఉన్నవాళ్లే, వాళ్ల గుమ్మం ముందు ఎవరూ ఆగలేదంతే. 2010లో ఆ పని మళ్లీ అందుకున్నారు. 2015 నుంచి దాని పేరు అవుట్‌రీచీ. అందులో ఎంపికకు ముందే ప్రాజెక్టులో చిన్న పని చేసి చూపాలి. ఎంపికైతే మూడు నెలలు గురువు తోడుంటారు, భృతీ ఇస్తారు. అందుకే ఎవరెవరు రావడం లేదో చూసుకోవడం ఈ టీమ్ మొదటి పని అంటాను.

కానుక ఎర చూపి పిలవడం మాత్రం వద్దు. ఇలాంటి ప్రాజెక్టులకు మార్పులు పంపమని ప్రోత్సహించే సంబరం, హాక్టోబర్‌ఫెస్ట్ అని ఏటా అక్టోబరులో జరుగుతుంది. 2020లో నాలుగు మార్పులు పంపితే టీషర్టు అన్నారు. ఉన్న కాగితంలో ఒక్క మాట అటూ ఇటూ మార్చి పంపినవాళ్లు ప్రపంచమంతా లెక్కలేనంతమంది. వాటిని తిప్పి పంపలేక ప్రాజెక్టులవాళ్లు అలిసిపోయారు. చివరికి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే అది వర్తించేలా నెల మొదట్లోనే నియమం మార్చాల్సి వచ్చింది.

అందుకే లెక్కల మనిషి ఎంతమంది వచ్చారో రాసి ఊరుకోకూడదు. మూడు నెలల తర్వాత రెండో దిద్దుబాటు పంపినవాళ్లెందరో రాయాలి. పాతికలో ముగ్గురు మిగిలినా ఆ పిలుపు ఫలించినట్టే.

ఇక మీ తప్పు మాట సంగతి. లిబ్రెఆఫీస్ అనువాదాలు వెబ్లేట్ అనే అనువాదాల వెబ్‌సైట్‌లో జరుగుతాయి. నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు విభాగం తెరవండి, మీ మాట వెతకండి. వాక్యంలో డాలరు గుర్తు, బ్రాకెట్లతో ఒక ముక్క కనిపిస్తే దాన్ని కదపకండి. ఫైలు పేరు లాంటివి ప్రోగ్రాము అక్కడ పెట్టుకుంటుంది.

అది అయ్యాక సోర్సు కోడ్ చరిత్ర కూడా తెరవండి, నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. ప్రతి మార్పు దగ్గరా పైన రాసినవాళ్ల పేరుంటుంది. చాలావాటికి అడుగున "రివ్యూడ్ బై", అంటే చూసి సరే అన్నవారు, అని ఇంకో పేరుంటుంది. ఆ రెండో పేరు ఎవరిదో ఒక పది మార్పులకు వరసగా చదివి, నాకు రాయండి.

మీ తాతయ్య