హోజిచాకు మరిగే నీళ్ళే ఎందుకు?

గ్రీన్ టీకి మరిగే నీళ్ళు పనికిరావని, నీటిని 70, 80 డిగ్రీల సెల్సియస్‌కు చల్లారనిచ్చి అప్పుడు ఆకు మీద పోయాలని పొట్లాల మీద రాసి ఉంటుంది. జపాన్‌లో ఇంటింటా తాగే హోజిచా కూడా గ్రీన్ టీయే. దానికి మాత్రం పొయ్యి మీంచి అప్పుడే దించిన నీళ్ళు పోయమంటారు. ఆకు ఒకటే అయినప్పుడు నియమం ఇలా తలకిందులు కావడానికి కారణమేమిటని ఒక పాఠకురాలు అడిగారు. కారణమంతా ఆ ఆకును నూనె, నీరు లేకుండా వేయించే కొద్ది నిమిషాల్లో ఉంది.

జపాన్‌వారి మామూలు గ్రీన్ టీ అయిన సెంచాకు ఆకును కోసిన వెంటనే ఆవిరి పట్టి, నలిపి, ఆరబెడతారు. అందులో కాటెచిన్లనే వగరు పదార్థాలు దండిగా ఉంటాయి. అవి మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్లనే నాలుక బిగుసుకుపోయినట్టుండే వగరు పుడుతుంది. నీరు ఎంత వేడిగా ఉంటే కాటెచిన్లు అంత ఎక్కువగా దిగుతాయి. తియ్యని కమ్మదనాన్నిచ్చే థియనైన్ అనే అమైనో ఆమ్లం గోరువెచ్చని నీటిలోనూ చక్కగా దిగుతుంది. నీటిని చల్లార్చమనడం అందుకే. హోజిచాకు సాధారణంగా ముదురాకుతో చేసే బంచానో, తేయాకు కాడలనో తీసుకుని బాగా ఎక్కువ వేడి మీద వేయిస్తారు. ఆ వేడికి కాటెచిన్లలో కొన్ని తమ అణువుల అమరికను మార్చుకుంటాయి, మరికొన్ని ఒకదానితో ఒకటి అతుక్కుని నీటిలో తేలిగ్గా కరగని పెద్ద అణువులవుతాయి. వగరు అలా తగ్గిపోయాక మరిగే నీటికి భయపడవలసిన పని లేదు.

తగ్గినదాని కంటే కొత్తగా పుట్టినది నాకు మరీ ఆశ్చర్యంగా తోస్తుంది. వేడి ఇసుక పోసిన మంగలంలో వేరుశనగకాయలు వేగుతుంటే వీధి చివరిదాకా వచ్చే కమ్మని వాసనకూ, హోజిచా వాసనకూ మూలం ఒకే జాతి అణువులు. వాటిని పైరజీన్లంటారు. అవి పచ్చి వేరుశనగ గింజలోనూ పచ్చి తేయాకులోనూ చెప్పుకోదగినంతగా ఉండవు, వేపుడులోనే తయారవుతాయి. చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడిలో కలిసినప్పుడు జరిగే ఈ చర్యల పరంపరను 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ వర్ణించాడు. చక్కెర విరిగి, పక్కపక్కనే రెండు కార్బొనిల్ సమూహాలున్న (అంటే కార్బన్, ఆక్సిజన్ జంటబంధంతో కలిసిన జతలు రెండున్న) చిన్న అణువులుగా మారుతుంది. వాటితో కలిసిన అమైనో ఆమ్లం కార్బన్ డయాక్సైడును పోగొట్టుకుని తన నత్రజనిని వాటికి అప్పగిస్తుంది. అలా నత్రజని అందుకున్న రెండు ముక్కలు ఎదురెదురుగా చేరి, ఆక్సిజన్ సాయంతో ఆరు పరమాణువుల వలయంగా ముడిపడతాయి. ఆ వలయంలో నత్రజనులు రెండూ ఎదురెదురు మూలల్లో ఉంటాయి. అదే పైరజీన్. రసాయనశాస్త్ర పాఠాన్ని మంగలం దగ్గర మొదలుపెడితే పిల్లలు ఈ వలయాన్ని బట్టీ పట్టవలసిన అవసరమే రాదని నా గట్టి నమ్మకం.

ఈ పోలికను ఇంకా ముందుకు లాగవచ్చు. ఇసుక వేరుశనగ గింజను అన్ని వైపుల నుంచీ కమ్ముకుని వేడిని సమంగా అందిస్తుంది కాబట్టి ఒకచోట మాడి ఒకచోట పచ్చిగా మిగలదు. జపాన్‌లోనూ వేడి ఇసుకతో కలిపి తేయాకును వేయించి, ఆ తర్వాత జల్లించే యంత్రాలున్నాయి. అయితే వేరుశనగకాయలో తేమ ఉంటుంది. ఆ తేమ ఆవిరయ్యేదాకా గింజ వేడి 100 డిగ్రీల దరిదాపుల్లోనే ఆగుతుంది కనుక వేయించేవాడికి కొంత వ్యవధి దొరుకుతుంది. తేయాకు ముందే ఆరబెట్టినది, పైగా పలచనిది. దాని వేడి క్షణాల్లో పైకెక్కుతుంది, అందువల్ల కమ్మదనానికీ మాడుకూ నడుమ ఎడం చాలా తక్కువ. కాడ ఆకు కంటే లావు కాబట్టి నెమ్మదిగా వేగుతుంది. పైగా దానిలో కాటెచిన్లు తక్కువ, థియనైన్ ఎక్కువ. ఇషికావా ప్రాంతంలోని కనజావాలో ఒట్టి కాడలనే వేయించి చేసే కాగా బోచా అంత సువాసనగా ఉండటంలో వింత లేదు. చివరి తేడా నూనె: గింజలోని నూనె పరిమళాన్ని కొంతవరకు పట్టి ఉంచుతుంది, ఆకుకు ఆ ఆసరా లేదు. అందుకే హోజిచాను కొద్దికొద్దిగా కొని, గాలి చొరని డబ్బాలో పెట్టి త్వరగా వాడుకోవాలి.

హోజిచాలో కెఫీన్ ఉండదన్న నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. కెఫీన్ 178 డిగ్రీల దగ్గర ఘనరూపం నుంచి నేరుగా ఆవిరి కాగలదన్నది నిజమే కానీ ఆకులోనిదంతా అలా ఎగిరిపోదు. జపాన్ ప్రభుత్వ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల కషాయంలో కాఫీకి 60 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటే బంచాకు 10, సెంచాకు 20, హోజిచాకూ 20 ఉంటుంది. రాత్రి నిద్ర చెడుతుందని భయపడేవారు కాడలతో చేసిన రకాన్ని తక్కువ మోతాదులో తాగడం మేలు. గ్రీన్ టీ కొవ్వును కరిగిస్తుందని విని, ఆ చేదును మందులా మింగుతున్నవారు ఒక్కసారి దీన్ని రుచి కోసమే తాగి చూడాలని కోరుకుంటాను.

పాతబడి వాసన పోయిన గ్రీన్ టీ ఇంట్లో ఉంటే దాన్నే వేయించుకోవచ్చు. జపాన్‌వారు ఇందుకు హోరోకు అనే చిన్న మట్టి మూకుడు వాడతారు. దాని పిడి లోపల బోలుగా ఉంటుంది, ఆకు వేగాక ఆ పిడిలోంచే దాన్ని ఒంపేస్తారు. మనకు నూనె జిడ్డు, పోపు వాసన లేని మందపాటి బాణలి చాలు. బాణలి వేడెక్కాక మంట తగ్గించి, రెండు చెంచాల ఆకు వేసి ఆపకుండా కదుపుతుండాలి. ముందు ఎండుగడ్డి వాసన వస్తుంది, తర్వాత కాడలు ఉబ్బుతాయి, ఆకుపచ్చ రంగు గోధుమ రంగులోకి తిరుగుతుంది. సన్నని పొగ లేచి కమ్మని వాసన రాగానే పళ్ళెంలోకి తీసేయాలి. బాణలిలోనే వదిలితే పొయ్యి ఆపినా అందులోని వేడికి మాడుతుంది.

కాచడంలో కష్టమేమీ లేదు. 200 మిల్లీలీటర్ల మరిగిన నీటికి 4 గ్రాముల ఆకు, అర నిమిషం వ్యవధి సరిపోతాయి. పరిమళపు అణువులను గాల్లోకి లేపేది వేడే కనుక చల్లార్చిన నీటితో కాస్తే రుచి ఉన్నా వాసన చప్పబడుతుంది. చివరి చుక్కదాకా కప్పులోకి ఒంపాలి. సారం చాలావరకు మొదటిసారే దిగుతుంది కాబట్టి రెండోసారి కాచినది పలచగా ఉంటుంది. పాలు పోసుకునే అలవాటున్నవారు ఆకును రెట్టింపు చేసి చిక్కని డికాక్షన్ తీయాలి. పాలలోని కొవ్వు సువాసనను కొంత తనలోనే ఆపేస్తుంది కాబట్టి మామూలు మోతాదులో కాస్తే పాల వాసనే మిగులుతుంది.